ఆకు గాయపడిన వార్త

జంతువుకు గాయమైతే ఆ వార్తను నరాలు మెదడుకు అందజేస్తాయి. మొక్కకు నరాలూ లేవు, మెదడూ లేదు. అయినా టొమాటో మొక్కలో ఒక ఆకును పురుగు కొరికితే, కొరకని ఆకులు కూడా ఆత్మరక్షణకు సిద్ధమవుతాయి. ఈ వార్తను మోసే దూత ఏది?

ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు హాబర్‌లాండ్ట్ 1921లో ఈ దిశగా తొలి ఆధారం చూపాడు. మొక్క భాగాన్ని కోసి, కోసినచోట కడిగివేస్తే అక్కడ కణవిభజన తగ్గింది. నలిపిన కణజాలాన్ని దానిపై పూస్తే విభజన మళ్లీ సాగింది. కాబట్టి గాయపడిన కణాలనుండి ఏదో ఒక పదార్థం వెలువడుతున్నదన్నమాట. దానికాయన ‘గాయపు హార్మోను’ అని పేరుపెట్టాడు.

అయితే ఆ ప్రభావం గాయమైన చోటికే పరిమితం. 1972లో అమెరికాలో గ్రీన్, రయాన్ అనే శాస్త్రజ్ఞులు బంగాళాదుంప, టొమాటో మొక్కలపై కొలరాడో పెంకుపురుగులను వదిలారు. పురుగు తాకని ఆకులలోనూ ఒక రకం ప్రోటీనులు పోగైనాయి. ఇవి పురుగు కడుపులోని జీర్ణరసాల ఎంజైములను అడ్డుకుంటాయి. తిన్నది ఒంటబట్టక పురుగు ఎదుగుదల కుంటుపడుతుంది.

ఇక దూతకోసం అన్వేషణ సాగింది. జాజిపూల పరిమళంలో ఉండే మిథైల్ జాస్మోనేట్ ఆవిరి సోకినా టొమాటో ఆకులు ఈ ప్రోటీనులను తయారుచేస్తాయని 1990లో తేలింది. మరుసటి ఏడు రయాన్ బృందం టొమాటో ఆకులనుండి 18 అమైనో ఆమ్లాల గొలుసు అయిన ‘సిస్టెమిన్’ను వేరుచేసింది. మొక్కలలో కనుగొన్న తొలి పెప్టైడు హార్మోను ఇదే. దూత దొరికిందనే పలువురు భావించారు.

ఆ తీర్పును మార్చినది అంటుకట్టే ప్రయోగం. 2002లో హౌ బృందం జాస్మోనిక్ ఆమ్లాన్ని తయారుచేయలేని టొమాటో మొక్కలను, దానిని గుర్తించలేని మొక్కలను ఎన్నుకొని, మామూలు మొక్కలతో అంటుకట్టి, కింది ఆకులను గాయపరచింది. గాయపడిన ఆకు ఈ ఆమ్లాన్ని తయారుచేయాలి. దూరపు ఆకు దానిని గుర్తించగలగాలి, తాను తయారుచేయనక్కరలేదు. అంటే దూరం పయనించేది ఈ ఆమ్లమో, దానినుండి ఏర్పడిన పదార్థమో కావాలి. సిస్టెమిన్ పని గాయందగ్గర దాని ఉత్పత్తిని పెంచడమే.

దీనికన్న వేగంగా కదిలే సంకేతం కూడా ఉన్నది. ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ మొక్కలో, గాయపడిన కణాలనుండి కారే గ్లుటమేట్ కాల్షియం అలను లేపుతుందనీ, అది నిమిషాలలో దూరపు ఆకులను చేరుతుందనీ 2018లో తేలింది. గాయపడిన కణమే వార్తకు మూలమన్న హాబర్‌లాండ్ట్ ఊహ ఈ విధంగా కొత్తరూపంలో నిలిచింది.