పంది అటు పోయింది, మిరప ఇటు వచ్చింది

మన పెనుగంచిప్రోలు, జగ్గయ్యపేట, నందిగామ వైపు ఏ రైతునైనా అడగండి, మిరప ఎప్పటి పంటని. "తాతల నాటిదండీ" అంటాడు. నిజమే. కానీ ఎంతమంది తాతల్ని దాటి వెనక్కి పోతే మిరప లేని రోజులొస్తాయో లెక్కేశారా? మహా అయితే ఇరవై తరాలు.

కృష్ణ అవతల పల్నాడులో జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని చెప్పుకునే శ్రీనాథుడు మిరపకాయ మొహం చూడలేదు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు, 1492లో కొలంబస్ అమెరికా చేరాడు. అప్పటిదాకా మన కూరల్లో కారమంటే ముఖ్యంగా మిరియాలే. పేర్లు చూడండి. మనకు మిరియం, మిరప. కన్నడంలో మెణసు, మెణసినకాయి. తమిళంలో మిళగు, మిళగాయ్. కొత్త కాయకు పాత కారం పేరే పెట్టుకున్నాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈమధ్య మన పిల్లలు ఫోన్లలో దక్షిణ అమెరికా వాళ్ళ పంది మాంసం వంటలు చూస్తున్నారు. పెద్దవాళ్ళేమో "ఛీ, పరాయి తిండి" అంటున్నారు. పరాయిది ఏదో, మనది ఏదో ఒకసారి చూద్దాం.

పెరూ దేశంలో అరెకిపా అనే ఊరుంది. ఆదివారం పొద్దున్నే అక్కడ పంది మాంసం అదోబో తింటారు. ముందురోజు రాత్రి ముక్కల్ని ఎండుమిరప ముద్ద, వెల్లుల్లి, ఉల్లిపాయలతో కలిపి చిచాలో నానేస్తారు. చిచా అంటే మొలకెత్తిన మొక్కజొన్నతో చేసి పులియబెట్టింది, మన కల్లు లాంటిదనుకోండి. తెల్లారాక మట్టికుండలో సన్నమంట మీద ఉడికించి రొట్టెతో తింటారు.

సన్నమంటే ఎందుకంటారా? జబ్బ మాంసం బాగా పనిచేసిన కండ. పెద్ద మంట పెట్టి తొందరగా దించితే తోలులా బిగుసుకుంటుంది. సన్న సెగ మీద మూడు నాలుగు గంటలు మగ్గనిస్తే కండల మధ్య తెల్లటి పొరలు కరిగి జిగురవుతాయి. అప్పుడు వేళ్ళతో లాగినా పోగులు పోగులుగా విడిపోతుంది. పులుపు, కారం పోగుపోగుకీ పడతాయి.

ఇప్పుడు ఆ కుండలో ఎవరి సరుకెంతో చూడండి. మిరప, మొక్కజొన్న అమెరికా ఖండాలవి. పంది మాత్రం అక్కడిది కాదు. 1493లో కొలంబస్ రెండోసారి పోయినప్పుడు ఓడల్లో పందుల్ని ఎక్కించుకెళ్ళాడు. అంతకుముందు అక్కడ పెంపుడు పందే లేదు. వెల్లుల్లి, ఉల్లిపాయ కూడా ఇటునుంచి పోయినవే.

మిరప ఇటు వచ్చింది పోర్చుగీసు ఓడల్లో. వాళ్ళు 1498లో కాలికట్ చేరారు, 1500లో బ్రెజిల్‌లో దిగారు, 1510లో గోవా పట్టుకున్నారు. వైన్, వెల్లుల్లిలో మాంసం ఊరేసుకోవడం వాళ్ళ అలవాటు. గోవాలో వైన్ బదులు కల్లు వెనిగర్ పోసి, దానికి మిరప కలిపారు. అదే విందాలూ. అందులో ఆలూ అంటే బంగాళాదుంప కాదండీ, పోర్చుగీసులో వెల్లుల్లికున్న పేరు అలా మారింది. అటు పోయిన పంది, ఇటు వచ్చిన మిరప రెండు చోట్లా ఒకే కుండలో కలిశాయి.

మరి పంది మాంసం మనకు కొత్తా? కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరున్న మానసోల్లాసం 1130 ప్రాంతంలోది. అందులో పందికి వేడినీళ్ళతో బొచ్చు తీయడం దగ్గర్నుంచి ముక్కలు కాల్చడం దాకా ఉంది. శ్రీకాళహస్తి కన్నప్ప శివుడికి పెట్టింది అడవిపంది మాంసమే అని కథ.

అంటే మనం సంప్రదాయం అనుకునే ఎర్రకారం తర్వాత వచ్చింది. పరాయిదని ముక్కు మూసుకునే మాంసం దానికన్నా ఎంతో ముందునుంచీ ఇక్కడుంది. పంది మాంసం తింటారని కొందరి ఇళ్ళల్లో మంచినీళ్ళు కూడా ముట్టని వాళ్ళు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. మీకు ఇష్టం లేకపోతే తినకండి, ఎవరూ బలవంతం చేయరు. కానీ తినేవాళ్ళని తక్కువ చేయడానికి చరిత్రను మాత్రం అడ్డం పెట్టుకోకండి.

చిన్న గింజంత అడవి కాయలోంచి మంచివి ఎంచి ఎంచి, వేల ఏళ్ళపాటు విత్తనం కట్టి మిరపను తయారుచేసింది అక్కడి రైతులు. దాన్ని మన నేలకు అలవాటు చేసింది మన రైతులు. వాళ్ళూ వీళ్ళూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. అయినా రెండు చోట్లా పొయ్యి మీద అదే కారం.

మీ ఇళ్ళల్లో మిరప లేకుండా ఒట్టి మిరియాలతోనే చేసే పాత కూరలేమైనా ఉంటే కింద రాయండి. ఏ ఊరో కూడా చెప్పండి.