యాంటెనా ఎటు తిప్పాలి?

మొన్న 'హింటర్‌లాండ్' అనే వేల్స్ డిటెక్టివ్ సీరియల్ చూశా. 2013 నాటిది లెండి, నేనే లేటు. హత్యల కంటే దాన్ని తీసిన పద్ధతి నచ్చింది. అదే నటులతో సీన్లు ఒకసారి వెల్ష్‌లో, మళ్ళీ ఇంగ్లీషులో తీశారు. వెల్ష్‌ది ముందు ఎస్‌ఫోర్‌సీలో, ఇంగ్లీషుది తర్వాత బీబీసీలో వచ్చాయి.

మా హిందూపురం ఇల్లు గుర్తొచ్చింది. మిద్దె మీద పొడుగాటి పైపు, దానికి యాంటెనా. బెంగళూరు వైపు తిప్పితే కన్నడ 'చిత్రమంజరి'. తెలుగు 'చిత్రలహరి' కావాలంటే మళ్ళీ మిద్దెక్కాలి. మా అవ్వకి రెండూ ఒకటే. కన్నడ వార్తలు విని ఎదురింటామెకి తెలుగులో చెప్పేది. అయితే అవ్వ మాట్లాడే తెలుగు మాత్రం ఎటు తిప్పినా వచ్చేది కాదు!

నిజానికి రెండు భాషల్లో ఆడటం మావైపు కొత్తేం కాదు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853లో ధర్మవరంలోనే పుట్టారు) బళ్ళారిలో నాటకాలు ఆడించారు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింట్లోనూ నటించాడు. 1953లో బళ్ళారి మైసూరుకి పోయింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇటే ఉండిపోయాయి. ఆ తర్వాత వచ్చిన టీవీ కూడా రాష్ట్రాల లెక్కనే వచ్చింది, ఇటు హైదరాబాదు తెలుగు, అటు బెంగళూరు కన్నడం.

వేల్స్ వాళ్ళకీ ఊరికే రాలేదు. వెల్ష్ ఛానెల్ ఇస్తామన్న ప్రభుత్వం 1979లో మాట తప్పింది. 1980లో గ్విన్‌ఫర్ ఎవాన్స్ అనే నాయకుడు ఆమరణ నిరాహారదీక్ష చేస్తానన్నాడు. మొదలుపెట్టకముందే ప్రభుత్వం దిగొచ్చింది. (మన పొట్టి శ్రీరాములు గారి విషయంలో అలా జరగలేదు.) ఛానెల్ 1982 నవంబర్ 1న మొదలైంది. 1956లో మన రెండు రాష్ట్రాలూ ఏర్పడిన తేదీ కూడా అదే!

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. కన్నడ పరిశ్రమ దశాబ్దాల పాటు డబ్బింగ్‌ని రానివ్వలేదు. అలా అడ్డుకోవడం తప్పని 2015లో కాంపిటీషన్ కమిషన్ జరిమానా వేసింది. అందుకే తెలుగు కథ కన్నడంలోకి వెళ్ళాలంటే కొత్త నటులతో మొదట్నుంచీ తీయాల్సి వచ్చేది. ఆ అలవాటు తర్వాతా పోలేదు. 2013లో జీ తెలుగులో మొదలైన 'వరూధిని పరిణయం' 2019లో జీ కన్నడలో 'గట్టిమేళ' అయింది. వేల్స్‌లో ఒకే నటుడు రెండు భాషలు మాట్లాడితే, మా ఊళ్ళో ఒకే ప్రేక్షకురాలు రెండూ చూస్తుంది.

'గట్టిమేళ' రెండో వారంలోనే అమ్మ ఫోన్ చేసింది. "ఇది మనం చూసిందే గదరా! కానీ వీళ్ళు బాగా చేస్తాండారు, పోనీలే."