సరుకు చేతులు మారే చోటు: వాడరేవు ప్రాంత రవాణా చరిత్ర

చీరాలకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతం ఒడ్డున ఉన్న వాడరేవు నేడు మత్స్యకారుల ఊరుగా, సెలవు రోజుల్లో జనం తరలివచ్చే తీరంగా ప్రసిద్ధి పొందింది. 1970 వరకు గుంటూరు జిల్లాలోను, ఆ తరువాత ప్రకాశం జిల్లాలోను, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలోను భాగమైన ఈ ఊరి వెనుక పర్చూరు, చిలకలూరిపేట, నరసరావుపేటల దాకా పత్తి, మిరప, పొగాకు పండే నల్లరేగడి మైదానం పరచుకొని ఉంది. ఈ మైదానంలో రవాణాకు వచ్చిన ప్రతి కొత్త సాధనం వేగాన్ని పెంచడమే గాక, సరుకు ఒక వాహనం దిగి మరొకటి ఎక్కే చోటును కూడా మార్చింది; ఆ చోటు ఎటు జరిగితే కూలి, వ్యాపారం, ఊరి ఎదుగుదల అటే జరిగాయి.

మొదట ఆ చోటు సముద్రపుటొడ్డే. వాడరేవుకు నైరుతి దిశలో ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో పేరుమోసిన రేవు. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం అక్కడ లభించింది. కోరమాండల్ తీరంలో సహజమైన ఓడరేవులు తక్కువ కావడంతో పెద్ద ఓడలు లోతు నీటిలో దూరంగా లంగరు వేసేవి. వాటికీ ఒడ్డుకూ మధ్య సరుకు చేరవేయడానికి, మేకులు కొట్టకుండా కొబ్బరిపీచు తాళ్లతో పలకలను కుట్టిన పడవలు వాడేవారు. ఇనుపమేకులతో బిగించిన పడవ కెరటాల తాకిడికి పగులుతుంది గాని, కుట్టుపడవ ఆ దెబ్బకు కొంత వంగి నిలదొక్కుకుంటుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో సరుకు దారి సముద్రం విడిచి కాలువ పట్టింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత విస్తరించిన కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల్లో ఒకటైన కొమ్మమూరు కాలువ, సాగునీటితో పాటు పడవలను కూడా పెదగంజాం వరకు మోసుకుపోయేది. 1806లో మద్రాసు ఉత్తరాన మొదలై, దశాబ్దాల పాటు తీరం వెంట సాగుతూ వచ్చిన బకింగ్‌హాం కాలువ అక్కడే దానితో కలిసింది. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు, లేకుంటే పడవకు కట్టిన తాడును భుజాన వేసుకొని మనుషులు గట్టు వెంట నడుస్తూ లాగేవారు. నీటిమట్టం మారే చోట లాకులు ఉండేవి. రెండు తలుపుల మధ్య పడవను నిలిపి, నీరు నింపి గాని వదిలి గాని దానిని పై మట్టానికో కింది మట్టానికో చేర్చే కట్టడమే లాకు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పండిన పత్తి కాకినాడ రేవు నుంచి ఎగుమతి కావడంతో ప్రపంచ విపణిలో దానికి ‘కోకనాడ పత్తి’ అన్న పేరే స్థిరపడిపోయింది. పంట ఇక్కడిదైనా, పేరు మాత్రం అది ఓడెక్కిన ఊరికి దక్కింది.

1899లో బెజవాడ, మద్రాసులను కలుపుతూ రైలు మార్గం పూర్తికావడం అన్నిటికంటే పెద్ద మలుపు. అది తీరం మీదుగా గాక చీరాల మీదుగా సాగింది. ఆవిరి ఓడలకు లోతైన రేవులు అవసరం కావడం, మద్రాసులో కృత్రిమ నౌకాశ్రయం ఏర్పడడం, రైలు వానాకాలంలోనూ ఆగకపోవడం అనే మూడు కారణాలు కలిసి ఈ తీరపు చిన్న రేవుల వ్యాపారాన్ని హరించాయి. చీరాల మాత్రం నేతకు, పొగాకుకు కేంద్రంగా పెరిగింది. ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీగా చేసింది. దానివల్ల పెరిగిన పన్నుల భారాన్ని నిరసిస్తూ 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు ఇళ్లు విడిచి రామ్‌నగర్ అనే పర్ణశాలల ఊరిని వెలయించుకున్నారు. పడవల కాలువలు మాత్రం రైలుకు, ఆపై లారీకి పోటీ నిలవలేక, తుపానుల పూడికతో క్రమంగా మూతపడ్డాయి.

రోడ్డు ఇందుకు భిన్నమైన పని చేసింది. ఇనుపపట్టా బిగించిన కొయ్యచక్రాల బండి వానకు నల్లరేగడిలో కూరుకుపోయేది. రబ్బరు టైర్ల బండి, దాని వెనుక ట్రాక్టరు, లారీ వచ్చాక సరుకు దింపి ఎక్కించే మజిలీలు ఒక్కొక్కటే తొలగిపోయాయి. కల్లంలో ఎండిన మిరపను గోతాల్లో కుదించి కట్టిన టిక్కీ ఊళ్లో లారీ ఎక్కితే నేరుగా గుంటూరు మిర్చి యార్డులోనే దిగుతుంది. 2018 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఈ-వే బిల్లు, అంటే సరుకు వివరాలతో ముందుగానే తీసుకొనే ఎలక్ట్రానిక్ రవాణా పత్రం, 2021 ఫిబ్రవరిలో జాతీయ రహదారులపై తప్పనిసరి అయిన ఫాస్టాగ్ కలిసి దారిలో ఆగవలసిన అవసరాన్ని మరింత తగ్గించాయి.

సముద్రం మీద మార్పు కూడా తక్కువేమీ కాదు. దుంగలు కట్టిన తెప్ప స్థానంలో ఫైబర్ పడవ, తెడ్డు స్థానంలో ఇంజను, నక్షత్రాల గుర్తుల స్థానంలో జీపీఎస్ వచ్చాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహ సమాచారం ఆధారంగా చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను తెలియజేస్తోంది. అయితే సముద్రం మీద ఇంత మారినా, జెట్టీ లేని చోట పడవను ఇసుక ఒడ్డుకు చేర్చడం నేటికీ చాలావరకు మనుషుల భుజబలం మీద ఆధారపడిన పనే.

వాడరేవును మళ్లీ వాణిజ్య రేవుగా చేయాలన్న తలంపు 2008లో వాడరేవు–నిజాంపట్నం పారిశ్రామిక కారిడార్ రూపంలో వచ్చి, వివాదాల్లో చిక్కుకుని ఆగిపోయింది. ఫిషింగ్ హార్బరు నిర్మాణం ఆ తరువాతి ప్రభుత్వ ప్రణాళికల్లో చోటు చేసుకుంది. పిడుగురాళ్ల నుంచి చిలకలూరిపేట, చీరాల మీదుగా వాడరేవుకు వచ్చే జాతీయ రహదారికి ఇప్పటికే 167ఏ అన్న సంఖ్య ఉంది. కాలువ, రైలు, లారీ ఈ తీరాన్ని తప్పించుకొని పోయిన తీరు చూస్తే, రోడ్డు వెడల్పు ఒక్కటే ఊరి భవిష్యత్తును నిర్ణయించదని తేలుతుంది. చేపనో పంటనో దింపి, శుభ్రపరచి, నిల్వచేసి, ఎగుమతికి సిద్ధపరచే పని వాడరేవులోనే జరిగినప్పుడు మాత్రమే కొత్త రవాణా వల్ల ఈ ఊరికి లాభం. ఆ పని మరో చోటికి పోతే, ఎంత మంచి రహదారి అయినా ఈ ఊరి సంపదను ఇంకొంత వేగంగా బయటికి తరలించడానికే పనికివస్తుంది.