నాటి టమాటా ఎప్పటి నాటిది?

మా ఇంట్లో టమాటాలు రెండే రకాలు. గీతలు గీతలుగా, అణిగినట్టు ఉండి, పిసికితే పుల్లటి రసం కారేది "నాటి". కోలగా గట్టిగా ఉండి, వారమైనా మెత్తబడనిది "ఫారం". కప్పగల్లులో అందరూ అనే కన్నడ మాటలే మనకీ అలవాటయ్యాయి. ఆంధ్రా వైపు చుట్టాలు నాటు టమాటా, బెంగళూరు టమాటా అంటారు. నేను చదివింది కన్నడ మీడియం కాబట్టి నాటి అంటే నాకు దేశవాళీ అనే తోస్తుంది. తెలుగు చదివినవాళ్లకి "ఆ నాటి" అని వినబడుతుందేమో! సరే, ఏ నాటిది?

మన సంగనకల్లు, కప్పగల్లు గుట్టల మీద నాలుగు వేల ఏళ్ల కిందటే ఊళ్లున్నాయి. సంగనకల్లు తవ్వకాల్లో మాడిపోయిన గింజలు దొరికాయి: ఉలవలు, పెసలు, అండుకొర్రలు. నాటి అంటే అవీ. టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికా. మెక్సికోలో పంటగా స్థిరపడి, 16వ శతాబ్దంలో స్పెయిన్ ఓడలెక్కి యూరప్ చేరి, తెల్లవాళ్ల వెంట మన దేశానికి వచ్చింది. బెంగాలీలు దాన్ని బిలాతి బేగున్, అంటే సీమ వంకాయ అన్నారు. తెలుగులో రామములగ అనే పేరూ ఉంది. మన పాత వంటల్లో పులుపంటే చింతపండు, గోంగూర, మామిడికాయ. పప్పులో టమాటా కొత్త కోడలే.

1953 అక్టోబరు 1న బళ్లారి మద్రాసు రాష్ట్రం నుంచి మైసూరుకి మారింది. ఆ రోజుల్లోనే తుంగభద్ర కాలువ నీళ్లూ వచ్చాయి. నీళ్ల వెనకాలే కోస్తా నుంచి రైతు కుటుంబాలు వచ్చి సిరుగుప్ప, గంగావతి వైపు క్యాంపులు వేసుకున్నాయి. మనవాళ్లూ ఆ వరసలో వచ్చినవాళ్లే. గీతల టమాటా విత్తనం మాత్రం కోస్తా నుంచి తెచ్చింది కాదు, పక్కింటి కన్నడ ఆవిడ ఇచ్చిందని నాయనమ్మ చెప్పేది.

నాటివి అనుకునేవాటి వెనక కూడా చాలాసార్లు ఒక సర్కారు తోట ఉంటుంది. పూసా రూబీ ఢిల్లీలో ఒక అమెరికా రకాన్నీ, ఇంప్రూవ్డ్ మీరుతి అనే రకాన్నీ కలిపి చేసింది. పీకేఎం-1 తమిళనాడు పెరియకులంలో అణ్ణంజి అనే ఊరి రకం నుంచి తీసింది. బెంగళూరు దగ్గర హెసరఘట్ట వాళ్ల అర్క వికాస్‌కి మూలం టిప్ టాప్ అనే అమెరికా టమాటా. అయినా ఇవేవీ హైబ్రిడ్లు కావు. టమాటా పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి, విత్తనం దాచుకుంటే మళ్లీ అదే కాయ వస్తుంది.

హైబ్రిడ్ సంగతి వేరు. 1973లో బెంగళూరు కంపెనీ ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ "కర్ణాటక" అనే హైబ్రిడ్ టమాటాని తెచ్చింది. ఆ తరవాత రాణెబెన్నూరు వైపు పల్లెలు హైబ్రిడ్ విత్తనాలకి పేరుపడ్డాయి. అక్కడ పువ్వు విచ్చకముందే కేసరాలు గిల్లేసి, ఇంకో మొక్క పుప్పొడిని చేత్తో అద్దుతారు. ఒక్కో పువ్వుకీ ఇంత పని, అందుకే ఆ ప్యాకెట్ అంత ధర. ఆ కాయ విత్తనం తీసి మనం వేస్తే మాత్రం ఒక్కో మొక్క ఒక్కో తీరు.

ఇక పెరట్లో ఏది వెయ్యాలి? అమ్మ ఓటు నర్సరీ నారుకే. కారణం ఉంది, రెండేళ్లుగా ఆకుముడతకి నాటి మొక్కలు సగం పోయాయి. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది, వచ్చిన మొక్కని పీకడం తప్ప దారి లేదు. హెసరఘట్ట వాళ్ల అర్క రక్షక్ దాన్ని తట్టుకుంటుంది, కానీ అది హైబ్రిడ్. మన ఎండలకి 35 డిగ్రీలు దాటితే ఏ రకమైనా పూత రాలుస్తుంది, కాబట్టి మార్చి, ఏప్రిల్లో కాయ రాలేదని రకాన్ని తిట్టక్కర్లేదు. నీళ్లు తక్కువైనా తట్టుకునేది అర్క వికాస్.

నా లెక్క పది మొక్కలకి: అయిదు గీతల నాటి, మూడు అర్క వికాస్, రెండు అర్క రక్షక్, ఒకే మడిలో పక్కపక్కన. పోల్చాలంటే అన్నీ ఒకే నీళ్లు తాగాలి, మా టెస్టింగ్ వాళ్ల పిచ్చి అది. తెగులు రాని నాటి మొక్క నుంచే విత్తనం తియ్యాలి. బాగా పండిన కాయ గుజ్జుని ఒకటి రెండు రోజులు పులియనిచ్చి, కడిగి నీడలో ఆరబెడితే మూడు నాలుగేళ్లు ఆగుతుంది.

మా డబ్బాలో ఆ విత్తనం చెంచాడు కూడా లేదు. నాయనమ్మ ఇచ్చినవి సిరుగుప్పలోనో, గంగావతిలోనో, అమెరికాలోనో ఎవరింట్లోనైనా పండుతుంటే చెప్పండి. జూన్‌లో నారు పోస్తాం, దానికి ముందే చేరాలి.