చార్లెస్ డికెన్స్: బాలలు, చదువు

ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ (1812–1870) రచనల్లో పిల్లల కష్టాలకు, వారి చదువుకు పెద్దపీట ఉంది. 1824లో అప్పులు తీర్చలేక తండ్రి లండన్‌లోని మార్షల్సీ జైలుపాలయ్యాడు. చదువుకోవలసిన పన్నెండేళ్ల వయసులో చార్లెస్ బూట్లకు పూసే నల్లరంగు డబ్బాలకు చీటీలు అంటించే కూలిపనిలో ఉన్నాడు. ఆ గాయం జీవితాంతం మానలేదు.

1838లో యార్క్‌షైర్ వెళ్లి, అక్కరలేని పిల్లలను తెచ్చి పడేసే చౌక వసతి బడులను పరిశీలించాడు. అక్కడి ఆకలి, దెబ్బలు ‘నికొలస్ నికల్‌బీ’కి ఎక్కాయి. 1843లో ఫీల్డ్ లేన్‌లోని పేదపిల్లల ఉచిత బడిని చూసి, సంపన్న దాత ఆంజెలా బర్డెట్ కూట్స్‌కు దాని గురించి ఉత్తరం రాశాడు.

బట్టీ చదువుపై ఆయన విమర్శ అన్నిటికన్నా పదునెక్కింది ‘హార్డ్ టైమ్స్’ (1854)లోనే. సర్కస్ గుర్రాల మధ్య పెరిగిన సిస్సీ జూప్ గుర్రానికి నిర్వచనం చెప్పలేక తెల్లమొహం వేస్తుంది; పళ్ల లెక్కతో సహా గడగడా అప్పజెప్పిన తోటి విద్యార్థి బిట్జర్‌కు మెప్పు దక్కుతుంది. తెలిసిన పిల్ల తెలియనిదిగా ముద్ర పడడం ఎంత అన్యాయమో ఈ ఒక్క ఘట్టం చూపుతుంది.

1858లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి నిధుల కోసం ప్రసంగించాడు. ఇంగ్లండ్, వేల్స్‌లకు ప్రాథమిక విద్యాచట్టం ఆయన పోయిన రెండు నెలలకు, 1870 ఆగస్టులో వచ్చింది.