ఈ-రీడర్ కొంటున్నారా..? తెలుగు పుస్తకాల కోసమైతే ముందు ఈ చిన్న పరీక్ష చేయండి!

విశాఖపట్నం: ఓడ ఎక్కితే నెలల తరబడి సముద్రంలోనే ఉండే సెయిలర్లు.. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీలు చేసే ఉద్యోగులు.. వందేభారత్‌లో ఎనిమిదిన్నర గంటలు కూర్చుని సికింద్రాబాద్ వెళ్లే ప్రయాణికులు.. వీళ్లలో చదివే అలవాటు ఉన్నవాళ్లకు ఈ-రీడర్ బాగా పనికొచ్చే వస్తువే. బరువు పావుకిలో లోపే ఉంటుంది. అందులో వేల పుస్తకాలు పడతాయి. మరి అంత డబ్బు పెట్టి కొనొచ్చా? మీరు ఏ భాషలో చదువుతారన్న దాన్ని బట్టే జవాబు ఉంటుంది.

ఫోన్‌కీ దీనికీ తేడా ఏంటి?

ఫోన్ స్క్రీన్ నుంచి వెలుతురు నేరుగా కళ్లలోకి వస్తుంది. ఈ-రీడర్‌లో ఉండేది ఈ-ఇంక్ స్క్రీన్. అందులోని నల్లటి, తెల్లటి సూక్ష్మ కణాలు పైకీ కిందకీ కదిలి అక్షరాలుగా కనిపిస్తాయి. చూడ్డానికి అచ్చం కాగితంలాగే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్ ఎండలో కూడా హాయిగా చదువుకోవచ్చు. నోటిఫికేషన్ల గోల కూడా చాలా తక్కువ.

పేజీ తిప్పినప్పుడు తప్ప ఈ స్క్రీన్‌కు కరెంట్ దాదాపు అక్కర్లేదు. అందుకే రోజుకు అరగంట చదివితే ఒక్క చార్జింగ్ వారాల తరబడి వస్తుంది. దీని విలువ వైజాగ్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంట్ లేదు. ఫోన్ చార్జింగ్ కోసమే జనం నానా తిప్పలు పడ్డారు.

అసలు చిక్కు తెలుగుతోనే..

2016 డిసెంబర్‌లో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలను ప్రారంభించింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం.. ఆ ఐదింటిలో తెలుగు లేదు. ఇంగ్లీష్ పుస్తకాలు దొరికినట్టు తెలుగు నవలలు అక్కడ విరివిగా దొరకవు.

పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలల్లో ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే. ఆరేడు అంగుళాల స్క్రీన్‌పై పేజీ మొత్తం కుదించుకుపోయి అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. జూమ్ చేస్తే ఈ-ఇంక్ నెమ్మదిగా కదులుతుంది. ఇలాంటి పుస్తకాలకు పది అంగుళాల ట్యాబ్లెట్టే నయం.

కొనే ముందు చేయాల్సిన పరీక్ష

తెలుగు వికీసోర్స్ నుంచి ఏదైనా పుస్తకాన్ని ఈపబ్ ఫార్మాట్‌లో ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోండి. మీరు కొనాలనుకుంటున్న మోడల్ తెలిసినవాళ్ల దగ్గర ఉంటే అందులో తెరిచి చూడండి. స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం లాంటి పదాల్లో ఒత్తులు సరిగ్గా పడుతున్నాయా? అక్షరాల సైజు పెంచితే లైన్లు వాటంతట అవే సర్దుకుంటున్నాయా? ఒత్తులు విడిపోయినా, అక్షరాల బదులు డబ్బాలు కనిపించినా ఆ మోడల్ తెలుగుకు పనికిరానట్టే.

ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-రీడర్లు కూడా ఉన్నాయి. వాటిలో తెలుగు పుస్తకాల యాప్‌లు వేసుకోవచ్చు. అయితే చార్జింగ్ అంత ఎక్కువ రోజులు రాదు.

డబ్బులిచ్చి కొన్నా మీది కాదు!

ఈ-పుస్తకం కొంటే వచ్చేది చదువుకునే లైసెన్స్ మాత్రమే. 2009 జులైలో హక్కుల వివాదం వచ్చి, జార్జ్ ఆర్వెల్ ‘1984’ నవలను అమెజాన్ కొన్నవాళ్ల కిండిల్ నుంచే తొలగించింది. డబ్బు వాపసు ఇచ్చినా విమర్శలు తప్పలేదు. కొన్న పుస్తకాలను కంప్యూటర్‌లోకి దించుకుని, యూఎస్‌బీతో కిండిల్‌లోకి ఎక్కించుకునే సౌకర్యాన్ని 2025 ఫిబ్రవరిలో తీసేసింది. చదివేశాక పక్కింటివాళ్లకు ఇద్దామన్నా, పాత పుస్తకంగా అమ్ముదామన్నా కుదరదు.

లెక్క చూస్తే..

2025లో మన దేశంలోకి వచ్చినప్పుడు కొత్త కిండిల్ పేపర్‌వైట్ ధర రూ.16,999. ఒక్కో తెలుగు పుస్తకం రూ.200 అనుకుంటే ఆ డబ్బుకు దాదాపు 85 పుస్తకాలు వస్తాయి. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి వెళ్తే కొనకుండానే చదువుకోవచ్చు. పైగా పుస్తకం కింద పడితే దులుపుకొని చదువుకుంటాం. ఈ-రీడర్ స్క్రీన్ పగిలితే మార్పించే ఖర్చుకు కొత్తదే కొనుక్కోవచ్చు అనిపిస్తుంది.

ఎవరు కొనొచ్చు.. ఎవరు ఆగాలి?

నెలకు రెండు మూడు ఇంగ్లీష్ పుస్తకాలు చదివేవాళ్లు, ఎక్కువగా ప్రయాణాల్లో ఉండేవాళ్లు, ఓడల్లో పనిచేసేవాళ్లు కొనొచ్చు. పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. తెలుగు మాత్రమే చదివేవాళ్లు తొందరపడకపోవడమే మంచిది. చదవాలనుకుంటున్న పది పుస్తకాల పేర్లు రాసుకోండి. వాటిలో ఎన్ని ఈ-రీడర్‌లో చదవగలిగే రూపంలో దొరుకుతున్నాయో వెతకండి. సగం కూడా దొరక్కపోతే.. ఆ డబ్బుతో పుస్తకాలే కొనుక్కోండి.