కోనసీమ: ఒక దీవి, అనేక సీమలు

కోనసీమ పేరెత్తగానే మన కవులకు కొబ్బరితోటలు, వేదఘోష, పనసపొట్టు కూర గుర్తుకు వస్తాయి. ఆ చిత్రం అబద్ధం కాదు. కాని అది అగ్రహారపు అరుగుమీద కూర్చుని చూసిన చిత్రం. అరుగు దిగి, కాలువగట్టు పట్టుకుని సముద్రందాకా నడిచినవాడికి కనిపించేది ఒక్క కోనసీమ కాదు.

భౌగోళికంగా యిది దీవి. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, దిగువన బంగాళాఖాతం. నడుమ వైనతేయ పాయ దీన్ని మళ్ళీ రెండుగా చీలుస్తుంది. పూర్వం కోనమండలాన్ని హైహయులు ఏలారు. అయితే నేటి కోనసీమను తయారు చేసింది రాజులు కాదు, కాలువలు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆ తరువాత గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా అక్విడక్టు కట్టి నగరం దీవికి కాలువ నీరు దాటించారు. కాటన్ దొరకు మన రైతులు యిప్పటికీ దండలు వేస్తారు, వేయనివ్వండి. కాని కంపెనీ ప్రభుత్వం ఆనకట్టకు డబ్బు యిచ్చినది శిస్తు పెరుగుతుందనే లెక్కమీద అన్న సంగతి విద్యార్థులకు చెప్పక తప్పదు.

ఆ నీరైనా అందరికీ ఒకే తీరున అందలేదు. ఎగువన ఆత్రేయపురం, కొత్తపేట వైపు అరటితోటలు, మంచి మాగాణి. శివార్లలో కాట్రేనికోన, ఉప్పలగుప్తం, అల్లవరం వైపు ఉప్పునేల, పూడిపోయిన మురుగుకాలువలు. పైవాడు వదిలిన నీరు కిందివాడి చేలో నిలుస్తుంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. మురుగు బాధ నిజం, గిట్టుబాటు లేకపోవడమూ నిజమే. భూమి గలవాడు విరామం తీసుకోగలిగాడు. నాట్లకు పోయే ఆడకూలీకి మాత్రం అది పని లేని కాలం.

సముద్రపు టంచున మరొక సీమ. అంతర్వేదిలో నేడున్న నరసింహస్వామి ఆలయాన్ని 19వ శతాబ్దం తొలి దశకాల్లో కట్టించినవాడు కొపనాతి కృష్ణమ్మ. అగ్నికుల క్షత్రియుడు, అంటే బెస్తవారి బిడ్డ. అగ్రహారమే కోనసీమ సంస్కృతికి ప్రమాణమనేవారు యీ గుడిని ఏ లెక్కలో వేస్తారో! బండారులంక మగ్గాలది యింకొక చరిత్ర. బోయి భీమన్న 1911లో మామిడికుదురులో, ఆ కొబ్బరినీడల్లోనే పుట్టాడు. ఆయన తన నాటకానికి పెట్టిన పేరు 'పాలేరు'.

గౌతమి అవతలి గట్టున యానాం వుంది. అక్కడ 1954 దాకా ఫ్రెంచివారి పాలన. శారదా చట్టం 1930లో అమలుకు రాగానే, బ్రిటిషిండియాలో నేరమైన బాల్యవివాహాన్ని జరిపించడానికి పెద్ద కుటుంబాలు పిల్లలను తీసుకుని యానాం వెళ్ళాయి. నది దాటితే ధర్మం మారిందన్నమాట!

మా కె.గంగవరమూ గౌతమికి ఆ గట్టునే వుంది. కోటిపల్లి రేవులో పడవెక్కి ముక్తేశ్వరంలో దిగితేనే మాకు కోనసీమ. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లా మమ్మల్నీ ఆ పేరులో కలిపింది. దీవి కానిది కూడా కోనసీమ కావడానికి అప్పుడు ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. నెలన్నర తిరక్కుండానే జిల్లా పేరుకు అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన వచ్చింది. మే 24న అమలాపురంలో ఒక మంత్రి యిల్లు, ఒక శాసనసభ్యుని యిల్లు తగలబడ్డాయి. కోనసీమ అన్న పేరే చాలునని ఆందోళనకారుల వాదన. ఏ కోనసీమ? ఎగువదా, శివారుదా, పాలేరుదా? పేరు మీది తగాదాగా బయటికి వచ్చినది వాస్తవానికి నీటిలో, భూమిలో, గౌరవంలో ఎవరి వాటా ఎంత అన్న పాత తగాదాయేనని నా అభిప్రాయం.

జూన్ 24న మంత్రివర్గం కొత్త పేరును ఆమోదించింది. మే 24 నాటి సంఘటనల మీద అనేకమంది యువకులపై కేసులు పెట్టారు. వాళ్ళు మన తరగతుల్లో కూర్చుని చదువుకున్నవాళ్ళే.